అడిగే దిక్కు

హంతకుడి గొంతు నేను మొదటిసారి విన్నది మస్కట్‌లో, మా దార్సైట్ ఫ్లాట్‌లో, పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాక. మెత్తటి గొంతు. జడ్జిగారు ఏది అడిగినా "అవునండీ" అంటున్నాడు, లేదంటే "కాదండీ" అంటున్నాడు. కాకినాడలో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లో నీళ్ళ మోటారు గురించి కొట్టుకునే పెద్దమనుషులకి అందులో పదోవంతు మర్యాద లేదు. ఆ గొంతు వింటూ పప్పు మాడబెట్టాను.

నేను చేసే పని ఎవరికి చెప్పినా ఓ పట్టాన అర్థం కాదు. అమెరికా కోర్టుల్లో జరిగే విచారణలు వీడియో తీస్తారు. ఆ మాటలన్నీ ఒక మెషిన్ విని ఇంగ్లీషులో టైపు చేసేస్తుంది. అది చేసే తప్పులకి అంతూ పొంతూ ఉండదు. ఆ తప్పులు దిద్దడం నా పని. మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక మొదలుపెడతాను, ఆయన వచ్చేలోగా మూసేస్తాను. ఎవరైనా ఏడిస్తే బ్రాకెట్లో "ఏడుపు" అని రాయాలి, మాట తెలియకపోతే "వినబడలేదు" అని రాయాలి. ఎలాంటి ఏడుపో రాయనక్కర్లేదు. మా అత్తగారి తరఫు వాళ్ళు కోడలిది కంప్యూటర్ ఉద్యోగం అని చెప్పుకుంటారు. నేను కాదనను.

నాకు వచ్చేవి చాలావరకు పొలం గట్ల తగాదాలు, కార్లు గుద్దుకున్న కేసులు. విడిపోయే మొగుడూ పెళ్ళాం కుక్క ఎవరికి చెందాలని వాదించుకునేవి కూడా ఉంటాయి. నవ్వుకుంటూ దిద్దుకునేదాన్ని. ఒక వేసవిలో ఈ కేసు వచ్చింది. ఇబ్బందిగా ఉంటే వద్దని చెప్పొచ్చని పైవాళ్ళు ముందే రాశారు. ఎవరైనా వద్దంటే ఆ పనే చెయ్యాలనిపించే గుణం నాకు చిన్నప్పటినించీ ఉంది. చేస్తానని రాశాను.

అతను లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్క ఊళ్ళో ఉండేవాడు. పెళ్ళాం ఉంది, ఉద్యోగం ఉంది, ఆదివారం చర్చికి వెళ్ళే అలవాటుంది. ఆ రోడ్డు పక్కన నిలబడే ఆడవాళ్ళని, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళని, మత్తుకి అలవాటు పడ్డవాళ్ళని తన బండిలో ఎక్కించుకునేవాడు. ఏళ్ళ తరబడి అలా ఎక్కించుకుని చంపాడు, పాతిపెట్టాడు, ఇంటికి వెళ్ళి భోంచేశాడు. ఎంతమందో అతనికే సరిగ్గా గుర్తు లేదు. వాళ్ళనేం చేశాడో అక్షరం అక్షరం దిద్దినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఇక్కడ రాయను. చివరికి దొరికాక, మరణశిక్ష తప్పించుకోడానికి నేరాలన్నీ ఒప్పుకుని, ఎవరిని ఎక్కడ పాతిపెట్టాడో చూపిస్తానని ఒప్పందం చేసుకున్నాడు. నేను దిద్దుతున్నది ఆ ఒప్పుకోలు, ఆ తర్వాత చనిపోయినవాళ్ళ తాలూకు మనుషుల మాటలు, ఆఖర్న శిక్ష.

వీళ్ళనే ఎందుకు ఎంచుకున్నావని లాయరు అడిగాడు. వాళ్ళ కోసం ఎవరూ రారు, ఎవరూ అడగరు, అందుకని అన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే అడిగే దిక్కు లేనివాళ్ళు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, రైతుబజారులో వంకాయలు ఏరుకోవడం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. మెషిన్ ఆ మాటల్లో ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. అయినా నేను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. అలా విని ఉండాల్సింది కాదు, ఎందుకంటే ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తీసేసినా ఆ గొంతు పోలేదు. బియ్యం కడుగుతుంటే వినబడేది. ఏసీ నీళ్ళు బాల్కనీ బకెట్లో పడుతుంటే ఆ చప్పుడు వెనకాల వినబడేది.

మా ఇంటికి పనికొచ్చే మనిషి గురించి ఇప్పుడు చెప్పాలి. కడప జిల్లా మనిషి, ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. సమాయిల్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనికని వీసా మీద వచ్చి, అక్కడ పొసగక బయటికి వచ్చేసింది. కొండల అవతలి అల్ అమెరాత్‌లో మరికొందరు ఆడవాళ్ళతో కలిసి ఒక రూమ్‌లో ఉంటూ, దార్సైట్‌లో నాలుగైదు ఇళ్ళలో గంటల లెక్కన పని చేసుకునేది. ఇలా వీసా ఇచ్చిన ఇల్లు వదిలేసి బయట పనిచేసుకునే వాళ్ళని గల్ఫ్‌లో మనవాళ్ళు ఖల్లివెల్లి అంటారు. చట్టం ప్రకారం ఆమెదీ తప్పే, ఆమెని పెట్టుకున్న మాదీ తప్పే. దార్సైట్‌లో ఆ సంగతి తెలియని ఇల్లు లేదు, ఒప్పుకునే ఇల్లూ లేదు.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఒకామె దేశం వెళ్ళిపోతూ తను చేసే ఇళ్ళు ఇంకొకామెకి అప్పగిస్తుంది. ఇళ్ళతో పాటు సిమ్ము కూడా అప్పగిస్తుంది, ఎందుకంటే మేడమ్‌లందరి దగ్గరా ఆ నెంబరే ఉంటుంది. సిమ్ముతో పాటు పేరు కూడా అప్పగిస్తుంది. కింద బిల్డింగ్ కాపలా మనిషి, నాతూర్ అంటారిక్కడ, ఆ పేరుకి అలవాటు పడి ఉంటాడు. కొత్త పేరు చెబితే కొత్త ప్రశ్నలు వేస్తాడు, పాత పేరు చెబితే తల కూడా ఎత్తడు. మా ఇంట్లో ఆ పేరుతో మొదట చేసినామె కాగితాలన్నీ సక్రమంగా ఉన్న మనిషి. చాలా ఏళ్ళు చేసి, కొడుకు పెళ్ళి పెట్టుకుని శుభ్రంగా ఇంటికి వెళ్ళిపోయింది. పేరు ఆమెది, సిమ్ము ఆమెది. రెండో ఆమె కొద్దికాలమే ఉంది. ఈమె మూడోది. ముగ్గురినీ నేను ఒకటే పేరుతో పిలిచాను. మొదట్లో ఓసారి ఈమెని అసలు పేరేమిటని అడిగితే, "పేరుతో ఏం పని మేడమ్, పని జరిగితే సాలు గదా" అంది. నిజమేలే అనుకున్నాను.

ఆమె నోరు ఊరుకునేది కాదు. మా ఇంట్లో కత్తులకి పదును లేదని రోజూ తిట్టేది. ఈ కత్తికి వంకాయ గూడా బెదరదు మేడమ్ అనేది. నేను కొన్న కొత్తిమీర చూసి, అంగడివాడు మీ మొఖం చూసి ఇచ్చినాడు అనేది. గోదావరి జిల్లాల వాళ్ళం కూరల్లో బెల్లం వేస్తామని మా ఆయన వినేలా వెక్కిరించేది. ఆయన నవ్వి, నిన్ను తిట్టడానికి ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉండడం నాకు సుఖంగా ఉంది అనేవారు. ఆమె వచ్చిందంటే ఇంట్లో పండగకి చుట్టాలు దిగినట్టుండేది.

ఒకరోజు నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ ఉండగా చూసింది. ఇంటి దగ్గర ఎవరికేమైందని కంగారు పడింది. లేదు, పని అని చెప్పాను. పని చేసుకుంటూ ఏడవడమేందని నిలదీస్తే కథంతా చెప్పక తప్పలేదు. భయపడుతుందనుకున్నాను. ఆమె చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకుని నా కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "మళ్ళా?" అంది, తర్వాతేమైందన్నట్టు.

అది మొదలు రోజూ అదే. ఇల్లు తుడవడం అయ్యాక కూరగాయలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేసేది. ఈ పొద్దు వాడేమన్నాడని అడిగేది. నేను ఆ పూట దిద్దినంతవరకు చెప్పేదాన్ని, చెప్పగూడనివి దాటేసి. దాటేసిన చోటల్లా ఆమెకి తెలిసిపోయేది. ఆగి, నా ముఖం చూసి, సరేలే ముందరికి పో అనేది. వాడి పెళ్ళాం గురించి ఎక్కువ అడిగేది. ఆమెకి తెలుసా తెలియదా, ఇప్పుడు ఆమె ఏ ముఖంతో బయటికి వస్తోంది అని. అలాంటివాడికి అన్నం పెట్టిన చెయ్యి ఎట్ల నిద్రపోతుంది మేడమ్ అనేది.

చనిపోయినవాళ్ళలో ఒకామె పేరు ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు, అడగలేదట. ఎముకలు దొరికాయి గాని మనిషెవరో దొరకలేదు. పేరు తెలియని ఆడవాళ్ళందరికీ అక్కడి కోర్టుల్లో ఒకటే పేరు పెడతారు, ఏ ఊళ్ళో దొరికినా, ఎప్పుడు దొరికినా. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తున్నదల్లా ఆగింది.

"అందరికీ ఒగటే పేరా?"

"అందరికీ."

"మా మాదిరే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ప్రతిరోజూ ఆమె మొదటి ప్రశ్న అదే అయింది. ఆ పేరు లేనామె ఎవరో తెలిసిందా అని. లేదు అంటే పెదవి విరిచి పనిలో పడేది. ఒక్కోసారి తనే ఊహించేది. ఏదో ఊరి నుంచి పనికొచ్చుంటాది, ఇంట్లో వాళ్ళతో కొట్లాడి వచ్చుంటాది, ఫోన్ పోగొట్టుకోనుంటాది అని.

చనిపోయిన ఒకామెకి అక్క ఉంది. తెల్లజుట్టు మనిషి. ఆవిడ కోర్టులో నిలబడి అతనివైపు చూసి మాట్లాడింది. మా చెల్లెలి కోసం ఎవరూ అడగరనుకున్నావు, మేం అడిగాం, అంది. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి అడిగాం, అలాంటి మనుషులు పోతారు వస్తారు అని పంపేశారు, మళ్ళీ వెళ్ళి అడిగాం, రోడ్డు మీద లారీ డ్రైవర్లని ఆపి అడిగాం, మేం ఒక్కనాడు కూడా అడగడం మానలేదు, అంది. నేను బ్రాకెట్లో "ఏడుపు" అని రాసి, అది చాలదని తెలిసి, ఇంకేం రాయాలో తెలియక వదిలేశాను. అతను మాత్రం తన చొక్కా చేతి గుండీ సరిచేసుకుంటున్నాడు. ఇది చెప్పగానే మా మనిషి గిన్నె కింద పెట్టింది. "అడిగినారంట సూడు. వాడికి తెల్దు, అంతే" అంది. ఎవరినో గెలిపించినంత సంబరం ఆ మాటలో.

శిక్ష చదివిన రోజు ఆమె ఇంకో ఇంటి పని మానుకుని మరీ కూర్చుంది. అతను దోషి అని, బతికినంతకాలం జైల్లోనే ఉండాలని జడ్జిగారు ఒక్కో చావుకి విడివిడిగా చదివారు. ఒక ఆడమనిషి పేరు, ఒక యావజ్జీవం. ఇంకో పేరు, ఇంకో యావజ్జీవం. ఒక మనిషికి ఉన్నది ఒకటే బతుకు కదా, అన్ని శిక్షలు ఎక్కడ అనుభవిస్తాడని నేను అంటే, పేరుకొగటి ఉండాల మేడమ్, గంపగుత్తగా ఏస్తే ఎట్ల, అంది. పేర్లన్నీ అయ్యాక చివరగా పేరు తెలియనివాళ్ళందరికీ పెట్టే ఆ పేరు వచ్చింది.

"ఆమెకు గూడా ఏసినారా?"

"వేశారు. విడిగా."

లేచి చేతులు కడుక్కుని చున్నీతో తుడుచుకుంది. సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టాక ఆగింది. తన పేరు చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. ఊరు, మండలం చెప్పింది. బళ్ళో పిల్లలు పాఠం ఒప్పజెప్పినట్టు, ముఖం నావైపు కాకుండా గోడవైపు పెట్టి చెప్పింది.

"ఊరికేనే చెప్తాండా మేడమ్. ఎవురో ఒగరికి తెలిసుండాల గదా. మళ్ళ నన్ను ఈ పేరుతో పిలవొద్దు, కిందోడు ఇంటాడు."

నేను ఆ పేరు ఒకసారి పైకి అన్నాను. ఆమె సిగ్గుపడింది. ఈడకొచ్చినాక ఆ పేరు ఒగరి నోట ఇనడం ఇదే మొదలు, అని లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు వచ్చి మామూలుగా కత్తుల్ని తిట్టింది. నేను మామూలుగా పాత పేరుతో పిలిచాను. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

కేసు అయిపోయినా ఆ మెత్తటి గొంతు నన్ను వదల్లేదు. మర్యాదగా మాట్లాడే మగాళ్ళందరినీ అనుమానించడం మొదలుపెట్టాను. మా ఆయన బతికిపోయారు, ఆయనకి మర్యాద తక్కువ. కింద టైలరు జాకెట్టు గుడ్డ అందుకుంటూ "కూర్చోండమ్మా, ఎండన పడి వచ్చారు" అంటే గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. పాపం అతను ముప్ఫై ఏళ్ళుగా అదే మాట అంటున్నాడు. మా మనిషి రోజూ అల్ అమెరాత్ నుంచి కొండదారిన నలుగురైదుగురు కలిసి ఎక్కే కారులో వచ్చేది. ఆ కారు ఎవరిది, డ్రైవర్ ఎవరు, మీతో ఎలా మాట్లాడతాడు అని గుచ్చి గుచ్చి అడిగాను. పొద్దున్నే నిద్రమొఖంతో వస్తాడు, మాట్లాడేదానికి ఓపిక యాడుంది వాడికి, అని నవ్వింది. ఆ మొద్దు డ్రైవర్ మీద నాకు గౌరవం కలిగింది.

ఒకరోజు ఆమె రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే రికార్డు చేసిన ఆడగొంతు, ముందు అరబ్బీలో, తర్వాత ఇంగ్లీషులో. ఫోన్ అందుబాటులో లేదు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి. కాసేపాగాను, మళ్ళీ చేశాను. ఆ ఆడగొంతు కూడా మెత్తగా, మర్యాదగానే ఉంది. నాలుగో రోజుకి దాన్ని చివరిదాకా వినకుండానే పెట్టేస్తున్నాను.

ఆమె పనిచేసే మిగతా ఇళ్ళకి ఫోన్ చేశాను. వాళ్ళింటికీ రాలేదు. ఒకావిడ, వీళ్ళంతా ఇంతేనండి, ఎక్కడో మంచి ఇల్లు దొరికుంటుంది, ఇంకో మనిషిని చూసుకుందాం అంది. మీ పిల్లి ఒక పూట కనబడకపోతే వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి బిల్డింగంతా వెతికించారు కదండీ, అన్నాను. ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. ఇప్పటికీ లిఫ్టులో ఎదురైతే నంబర్ల వైపు చూస్తూ నిలబడుతుంది.

పోలీసులకి చెబుదామంటే మా ఆయన ఒకే ప్రశ్న వేశారు. ఏ పేరుతో చెబుతావు? నిజమే. ఈ ఊళ్ళో అందరికీ తెలిసిన పేరు ఆమెది కాదు. ఆమె పేరు ఈ ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పైగా వెళ్ళి చెబితే, ఆమె ఎక్కడో క్షేమంగా ఉంటే నేనే పట్టించినట్టవుతుంది. చెప్పకపోతే, ఏదైనా జరిగి ఉంటే నేనే వదిలేసినట్టవుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అనలేదు.

శుక్రవారం సెలవు కదా, మా ఆయన్ని బయల్దేరదీసి అల్ అమెరాత్ వెళ్ళాను. ఫలానా కిరాణా కొట్టు వెనక అని ఆమె మాటల్లో విన్న గుర్తు. సగం కట్టి ఆపేసిన ఇళ్ళు, నీళ్ళ ట్యాంకర్లు, చుట్టూ ఒక్క ఆకు లేని కొండలు. వెతుక్కుంటూ పోయి ఒక తలుపు కొట్టాం. ఒకామె తలుపు బెత్తెడు తెరిచింది. నేను పాత పేరు చెప్పాను.

"అట్లాంటోళ్ళు ఈడ ఎవురూ లేరు" అంది.

ఆమె వెనకాల గూట్లో మా మనిషికి నేనిచ్చిన పాత టిఫిన్ క్యారేజీ కనబడుతోంది. మూత సొట్ట నాకు తెలుసు, నా చేతిలోంచే జారిపడింది. నేను పోలీసుల మనిషిని కాదమ్మా, ఆమె పనిచేసే ఇంటి మేడమ్‌ని, అని బతిమాలాను. లేరు అంది. అప్పుడు ఆమె అసలు పేరు చెప్పాను. ఆ తలుపు మనిషి ముఖంలో ఏమీ కదల్లేదు. అబద్ధం కాదు, ఆ పేరు ఆమె నిజంగానే ఎప్పుడూ వినలేదు. ఎవరొచ్చి ఎవరిని అడిగినా లేరని చెప్పాలి, అది వాళ్ళ కట్టుబాటు. ఒకరినొకరు కాపాడుకునే మంచి కట్టుబాటు. కానీ ఆ తలుపు మూసుకున్నప్పుడు, అక్కడెక్కడో అమెరికాలో ఆ మెత్తటి గొంతువాడు ఇటువంటి తలుపుల్నే నమ్ముకుని బతికాడని నాకు అర్థమైంది. దారిలో కారు ఆపించి ఏడ్చాను. మా ఆయన ఏసీ పెంచి, నీళ్ళ సీసా ఇచ్చారు.

తర్వాతి వారం ఇండియా నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. నేను వంటింట్లో పోపు పెడుతున్నాను. గొంతు ఎక్కడో విన్నట్టుంది. బాగుండారా మేడమ్, సార్ బాగుండాడా, ఇంకా కూరల్లో బెల్లం ఏస్తాండారా అని అడిగింది. మా ఇంట్లో మొదట పనిచేసిన ఆమె. ఆ పేరు అసలు ఎవరిదో ఆమె. మా నెంబరు ఆమెకి నోటికొచ్చు. కుశలప్రశ్నలు అయ్యాక అసలు సంగతి ఎత్తింది.

"మేడమ్, నేను సచ్చిపోయినానంట."

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. మస్కట్ నుంచి ఒక తెలుగాయన ఫోన్ చేశాడట. ఇక్కడ చనిపోయిన మనవాళ్ళని ఇంటికి పంపించడంలో సాయం చేసే ఆయన. ఈమె భర్త ఎత్తితే, ధైర్యం తెచ్చుకోండి అని మొదలుపెట్టి, మీ భార్య అల్ అమెరాత్‌లో రోడ్డు దాటుతుంటే బండి గుద్దింది, అక్కడికక్కడే పోయింది, దేహం ఆస్పత్రిలో ఉంది అన్నాడట. ఫోన్ నలిగిపోయింది గాని లోపలి సిమ్ము బాగానే ఉంది, ఆ సిమ్ము మీద ఉన్నది ఈమె పేరు, ఈమె పాస్‌పోర్టు, ఈమె చిరునామా. భర్త ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ ఈమెకే ఇచ్చాడు. ముందు నవ్వొచ్చిందట. నవ్వుతూ నవ్వుతూ ఉండగా సిమ్ము గుర్తొచ్చిందట.

"ఆ సిమ్ము నేనిచ్చినామె ఇంకొగరికి ఇచ్చింది గదా. మీ ఇంటికే గదా వచ్చేది. నా పేరుతో ఆడ పడుకోనుండేది ఎవురు మేడమ్?"

పోపు మాడుతోంది. పొయ్యి ఆపి నేల మీద కూర్చున్నాను. ఆమె పేరు చెప్పాను. తండ్రి పేరు, ఊరు, మండలం చెప్పాను, ఆమె చెప్పిన వరసలోనే. ఎక్కడా తడబడలేదు. అటు నుంచి ఆమె ఒక్కో మాటా తిరిగి అంది. తర్వాత, "అయ్యో, ఆ ఊరు మాకు బస్సు దూరమే మేడమ్. నేనే పోతా. సచ్చిపోయినదాన్ని నేనే గదా, నేనే పోయి చెప్తా" అంది. అని అప్పుడు ఏడ్చింది.

ఆ గుద్దిన మనిషి గురించి తర్వాత తెలిసింది. పొద్దున డ్యూటీకి పోతున్న మామూలు మనిషి. ఎండ ఎదురుగా కళ్ళలో కొట్టిందట. ఆగాడు, అంబులెన్సుకి తనే ఫోన్ చేశాడు, వచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చుని తల కొట్టుకున్నాడు. అంటే హంతకుడు లేడు. ఇన్నాళ్ళూ టైలర్లలో, డ్రైవర్లలో నేను వెతికినవాడు అసలు లేనే లేడు. ఉంటే తిట్టుకోడానికైనా ఉండేది. ఎవడూ ఏ పాపమూ చెయ్యకుండానే ఆమె పేరు లేని మనిషిగా ఆ చల్లటి గదిలో అన్నాళ్ళు పడి ఉంది. నాకు ఆ అమెరికావాడి మీద కన్నా దీని మీద ఎక్కువ కోపం వచ్చింది.

మా ఆయనా నేనూ ఆస్పత్రికి వెళ్ళాం. ముఖం బాగానే ఉంది. పెదవి కాస్త విరిచినట్టుంది, కొత్తిమీర కట్ట చూసినప్పటిలాగే. అక్కడి ఆఫీసరుకి నేను ఆమె పేరు చెప్పాను. నా వెనకాల సాయం చేసే ఆ తెలుగాయన మరోసారి చెప్పాడు. వేలిముద్రలు చూస్తే ఆమె ఎవరో ఎప్పటికైనా బయటపడేదే అని మా ఆయన దారిలో అన్నారు, నన్ను ఓదార్చడానికే. ఎప్పటికైనా, అన్నాను నేను.

ఆమె సొంత పేరుతో ఇంటికి వెళ్ళింది. అన్నీ అయిపోయాక, ఒక పొద్దున ఆమె అక్క ఫోన్ చేసింది. ముందు ఏడవలేదు. మీ ఇంట్లో అన్నం తింటాండెనా అని అడిగింది. తినేదమ్మా, కూరలో కారం చాలదని తిట్టి మరీ తినేది అన్నాను. దానికి కాస్త నవ్వింది. మా పాప పేరు ఆడ ఎవురికీ తెలీదంట గదా, నీకెట్ల తెలుసు అని అడిగింది. చెల్లెల్ని ఆమె పాప అనే అంటుంది. తనే చెప్పిందమ్మా అన్నాను. ఎందుకు చెప్పిందో చెప్పలేదు. సముద్రాల అవతల ఒక దుర్మార్గుడి కథ వింటూ చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పిందని ఆ మనిషికి ఎలా చెప్పను?

తర్వాత ఆమే అంది.

"రోజూ ఫోన్ చేస్తానే ఉన్నా మేడమ్. ఎవురో ఆడమనిషి ఎత్తి అరబ్బీలో చెప్తా ఉండె. నాకు ఆ బాస రాదు. అమ్మా, మా పాపకు ఒగసారి ఇయ్యమ్మా అని ఆమెనే అడిగినా. రోజూ అడిగినా. ఏమడిగినా అదే చెప్పి పెట్టేస్తా ఉండె. మా పాప పోయిందనేనా మేడమ్ ఆమె చెప్తా ఉండింది?"

మెషిన్ మాటలు దిద్దడం నా ఉద్యోగం. ఆ ఫోన్‌లో గొంతు మనిషిది కాదని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

"కాదమ్మా. కాసేపాగి మళ్ళీ చెయ్యమని చెప్పింది" అన్నాను.

"చేసినా గదమ్మా" అంది.